చప్పట్లు కొట్టిన ఆదివారం

దాచేపల్లికి ఆరు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆ ఊరి చర్చిలో ఎవరైనా ఇంగ్లీషులో మాట్లాడితే తర్జుమా చేసేది ఆశీర్వాదం మాస్టారే. జిల్లా పరిషత్ హైస్కూల్లో ఇరవై రెండేళ్ళుగా ఇంగ్లీషు చెబుతున్నాడు. ఊళ్ళో ఎవరికి కోర్టు కాగితం వచ్చినా, ఫోన్‌కి ఇంగ్లీషు మెసేజి వచ్చినా ఆయన గడప తొక్కాల్సిందే. ఆయన కళ్ళజోడు సవరించుకుని చదివి, "ఏం భయం లేదు" అని అర్థం చెప్పేవాడు. ఇంగ్లీషు బాగా వచ్చినవాడన్న పేరు ఆయనకు చాలా ఇష్టంగా ఉండేది. పైకి మాత్రం, "నాదేముందిలే, దేవుడిచ్చింది" అనేవాడు.

ఫిబ్రవరి మొదటి శనివారం పాస్టరుగారు ఫోన్ చేశారు.

"మాస్టారూ, రేపు ఆరాధనకి ఇంగ్లండు నుంచి ఒకావిడ వస్తన్నారు. హెలెన్ గారంట. వాళ్ళ అమ్మమ్మ ఎప్పుడో దొరల కాలంలో మన వైపు ఆసుపత్రిలో నర్సుగా చేసిందంట. ఆవిడ తిరిగిన ఊళ్ళన్నీ చూసుకుంటా పోతంది. రెండు మాటలు చెప్పమన్నా. తర్జుమా మీరే."

"అదెంత పనండీ," అన్నాడు ఆశీర్వాదం.

కానీ ఆ మధ్యాహ్నమంతా డిక్షనరీ ముందేసుకుని కూర్చున్నాడు. మర్యాదకీ, కృతజ్ఞతకీ, వారసత్వానికీ ఇంగ్లీషులో ఉన్న పొడుగాటి మాటలన్నీ ఒక కాగితం మీద రాసుకున్నాడు. విదేశీయులు అలాంటివే వాడతారని ఆయన నమ్మకం. "పొట్టి మాటలకి భయపడబాకండి, అయి మీకు వచ్చినయ్యే" అని పిల్లలకు చెబుతూ ఉండేవాడు కూడా.

ఆదివారం చర్చి నిండిపోయింది. మిరప కోతల రోజులైనా ఆ పూట ఎవరూ చేలకు పోలేదు. మగవాళ్ళు ఒక పక్క, ఆడవాళ్ళు ఒక పక్క చాపల మీద కూర్చున్నారు. ముందు వరసలో ఆయన బడి పిల్లలు. ఆడవాళ్ళ వైపు గోడవారగా ఆయన భార్య జ్ఞానమ్మ, ఆమె పక్కన హన్నమ్మ. కొంచెం వెనకగా చిన్నారి. చిన్నారి ఒకప్పుడు ఆయన దగ్గరే చదువుకుంది. ఇప్పుడు నరసరావుపేటలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు, సెలవుకు వచ్చింది.

హెలెన్ అరవై దాటిన మనిషి. బక్కపలచగా ఉంది. తెల్లటి పొట్టి జుట్టు, నూలు చీర ఎవరో కట్టి పంపినట్టుంది, కొంగు మాటిమాటికీ సర్దుకుంటోంది. ఆమె గొంతు నెమ్మదిగా ఉంది. ఒక వాక్యం చెప్పి ఆగేది, ఆశీర్వాదం తెలుగులో చెప్పేవాడు. అమ్మమ్మ గురించి చెప్పింది. ఎడ్లబండి మీద కాన్పులకు వెళ్ళిన సంగతి చెప్పింది. జనం నవ్వారు, తలలు ఊపారు. రాసుకున్న పొడుగు మాటల్లో ఒక్కటీ ఆమె నోటి నుంచి రాలేదు. ఆశీర్వాదానికి ధైర్యం వచ్చింది. గొంతు పెంచాడు. ఆమె చెప్పిన దానికి తన మాటొకటి కలిపి ఇంకొంచెం అందంగా చెప్పసాగాడు.

అప్పుడు ఆమె, తనకు ఒక్కడే కొడుకనీ, పేరు డేనియల్ అనీ, ఇరవై ఆరేళ్ళనీ చెప్పింది. తర్వాత కాసేపు ఆగి అంది.

"హి పాస్డ్, టూ ఇయర్స్ అగో. ఇన్ మార్చ్."

మార్చి అంటే ఆశీర్వాదానికి పరీక్షల నెల. ఇరవై రెండేళ్ళుగా మార్చి అంటే హాల్ టికెట్లు, ఇన్విజిలేషన్ డ్యూటీ, ఎంతమంది పాసవుతారన్న బెంగ. ఆయన క్షణం కూడా ఆలోచించలేదు.

"రెండేళ్ళ కిందట మార్చి నెలలో వాళ్ళ అబ్బాయి పెద్ద పరీక్ష పాసయ్యాడు!" అని గట్టిగా చెప్పాడు. అక్కడితో ఆగినా పోయేది. "ఫస్టు క్లాసులో! దేవుడు ఆ తల్లి ప్రార్థన విన్నాడు!" అని కూడా కలిపాడు.

"ప్రభువుకు స్తోత్రం!" అన్నారు పాస్టరుగారు. ముందు పిల్లలు చప్పట్లు మొదలుపెట్టారు, తర్వాత చర్చి మొత్తం కొట్టింది. హెలెన్ ఉలిక్కిపడి తలెత్తింది. ఆ జనం మొహాల్లోని సంతోషాన్ని ఒక చివర నుంచి ఇంకో చివరకు చూసింది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గుండె మీద చెయ్యి పెట్టుకుని తల వంచింది. ఆనందబాష్పాలనుకున్నాడు ఆశీర్వాదం.

చప్పట్లు ఆగాక ఆమె మళ్ళీ మాట్లాడింది. ప్రతి ఆదివారం వాడి సమాధి దగ్గరికి పువ్వులు తీసుకెళ్తానంది.

సమాధి. ఆ మాటకు ఇంకో అర్థమేదైనా ఉందేమోనని ఆశీర్వాదం మనసు గబగబా వెతికింది. దొరకలేదు. జనం ఆయన మొహంలోకే చూస్తున్నారు. పాస్టరుగారు చిరునవ్వుతో కానివ్వండి అన్నట్టు తలాడించారు. ముందు వరసలో తన బడి పిల్లలు నోరు తెరుచుకుని వింటున్నారు. "తప్పు చెప్పాను, ఆ బిడ్డ చనిపోయాడు" అనాలి, అంతే. నోటి చివరిదాకా వచ్చింది.

"ప్రతి ఆదివారం చర్చికి పువ్వులు తీసుకెళ్తానంటున్నారు," అన్నాడు.

ఆ తర్వాత ఇక ఆగడం చేతకాలేదు. బిడ్డను మట్టిలో పెట్టిన తల్లులెవరైనా ఇక్కడుంటే వాళ్ళ పక్కన కాసేపు కూర్చోవాలని ఉంది, మాట్లాడకపోయినా పర్వాలేదు, అంది హెలెన్. "ఇక్కడున్న తల్లులందరినీ కలవాలని ఉందంటున్నారు," అని చెప్పాడు ఆశీర్వాదం. చెబుతూ హన్నమ్మ వైపు చూడకుండా కళ్ళు తిప్పుకున్నాడు.

ఊరందరికీ తెలుసు. హన్నమ్మ కొడుకు బాబీ డిగ్రీ చివరి ఏడాదిలో ఉండగా, సిమెంటు లారీ కింద పడి పోయాడు. దాచేపల్లి రోడ్డు మీదే. ఆ పొద్దు శవాన్ని దించడానికి చెయ్యి వేసిన వాళ్ళలో ఆశీర్వాదం కూడా ఉన్నాడు.

ఆరాధన అయ్యాక ఆవరణలో భోజనాలు పెట్టారు. ఆడవాళ్ళు హెలెన్ చుట్టూ మూగారు. హన్నమ్మ వాళ్ళను తోసుకుంటూ వచ్చి ఆమె రెండు చేతులూ పట్టుకుంది.

"మీ బిడ్డ సల్లగా ఉండాలమ్మా. నా కొడుకు పరీక్ష రాయకుండానే పోయాడు. మీవాడన్నా పాసయ్యాడు, అది చాలు. తమ్ముడూ, చెప్పు ఆయమ్మకి."

హెలెన్ ఆశీర్వాదం వైపు చూసింది.

"ఆమె మిమ్మల్ని దీవిస్తోంది," అన్నాడు ఇంగ్లీషులో.

"పెళ్ళెప్పుడు చేస్తారో అడుగు," అంది హన్నమ్మ నవ్వుతూ.

ఆ మాట అడగకుండా, ఇక్కడ ఎన్నాళ్ళుంటారని హెలెన్‌ని అడిగాడు ఆశీర్వాదం. మంగళవారం దాకా నరసరావుపేటలో గెస్ట్ హౌస్‌లో ఉంటానని హెలెన్ చెప్పింది.

"ఇంకా అనుకోలేదంట అక్కా," అన్నాడు హన్నమ్మతో.

చెయ్యి కడుక్కోవడానికి పంపు దగ్గరికి వెళ్తే చిన్నారి ఎదురొచ్చింది. తల వంచుకుని, ఒకప్పుడు క్లాసులో అనుమానం అడిగినట్టే అడిగింది.

"సార్, పాస్డ్ అంటే చనిపోవడమని కూడా ఉంది గదా సార్? మా ఆసుపత్రిలో పెద్ద డాక్టరుగారు అట్టాగే అంటారు. ఆమె గ్రేవ్ అని కూడా అంది సార్."

"పాస్డ్ అవే అంటే చనిపోవడం. ఉత్త పాస్డ్ అంటే కాదు. గ్రేవ్ కాదమ్మా, దూరంగా ఉండి నీకు సరిగా వినపడలా," అన్నాడు ఆశీర్వాదం.

"అయితే నేనే తప్పు విన్నానేమో సార్," అని పక్కకు తప్పుకుంది చిన్నారి.

ఇంటికొచ్చాక డిక్షనరీ తీశాడు. ఆ చిన్న మాట కింద రెండు నిలువు వరసలు నిండా అర్థాలున్నాయి. దాటిపోవడం, అందించడం, కొండల మధ్య దారి, బంతిని ఇంకొకరికి తన్నడం, తీర్పు చెప్పడం, కాలం గడవడం. ఊళ్ళో చదువురాని వాళ్ళకు కూడా ఆ మాట నాలుగు రకాలుగా తెలుసు: బస్సు పాసు, పొలం పాసు పుస్తకం, టైంపాసు, పరీక్ష పాసు. వరస చివరికి వచ్చేసరికి ఉంది, చనిపోవడమని. "అవే" తోడు లేకుండానే.

"ఎవురు చూసినా నిన్నే పొగుడుతన్నారు," అంది జ్ఞానమ్మ అన్నం గిన్నె దించుతూ. "పాస్టరమ్మగారయితే, ఆమె చెప్పినదానికంటే మాస్టారు చెప్పిందే బాగుందన్నారు."

ఆయన డిక్షనరీ మూసేశాడు. మాట తెలియకపోవడం పెద్ద నేరం కాదని ఆయనకు తెలుసు. ఆ సంగతి ఎవరితోనైనా నవ్వుతూ చెప్పుకోవచ్చు. కానీ సమాధి అన్న మాట ఆయనకు తెలుసు. బిడ్డను మట్టిలో పెట్టడమంటే ఏమిటో తెలుసు. అన్నం సయించలేదు. తలనొప్పని చెప్పి లేచిపోయాడు.

సోమవారం పొద్దున్నే బడికి బయల్దేరుతుంటే హన్నమ్మ వచ్చింది. కూలికి పోయే బట్టల్లో లేదు, ఆదివారం చీరే కట్టుకుంది. చేతిలో నరసరావుపేట బట్టల కొట్టు సంచి.

"తమ్ముడూ, ఆయమ్మ రేపు పోతందంట గదా. ఇది ఎట్టాగన్నా ఆయమ్మకి చేర్చాలి."

సంచిలోంచి ప్యాంటు బట్ట, షర్టు బట్ట తీసింది. నీలం గళ్ళ షర్టు బట్ట. మడతల దగ్గర కొంచెం రంగు మారింది.

"బాబీగాడు డిగ్రీ పాసయితే కుట్టిద్దామని ముందే తెచ్చి పెట్టా. ఆరేళ్ళయింది, పెట్టెలోనే ఉంది. ఎవురికీ ఇయ్యబుద్ధి కాలా. రాత్రంతా అనుకున్నా, ఆయమ్మ కొడుకు పాసయ్యాడు గదా, వాడు తొడుక్కుంటే నా కొడుకు తొడుక్కున్నట్టే. వాళ్ళ దేశంలో ఇట్టాంటియి తొడుగుతారా, తొడగరా?"

ఆశీర్వాదం ఆ బట్ట వైపు చూస్తూ నిలబడిపోయాడు. చెయ్యి చాపలేకపోయాడు.

"ఏంది తమ్ముడూ? బాగాలేదా?"

"అక్కా, కూర్చో."

"నిలబడతాలే, చెప్పు."

"ఆమె కొడుకు పాసవలేదక్కా. చనిపోయాడు. ఆమె అదే చెప్పింది. నేను తప్పు చెప్పా."

హన్నమ్మకు వెంటనే అర్థం కాలేదు. "ఎప్పుడు చనిపోయాడు? నిన్న పొద్దున్నా?"

"రెండేళ్ళయింది. పాస్ అంటే వాళ్ళ మాటల్లో చనిపోవడమని కూడా ఉంది. నాకు తెలవలా. ముందు తెలవలా. తర్వాత తెలిసింది. తెలిసిన తర్వాత కూడా చెప్పలా. అందరి ముందూ పరువు పోయిద్దని చెప్పలా. నీలాంటి తల్లులెవరన్నా ఉంటే పక్కన కూర్చుంటానంది. అదీ చెప్పలా."

జ్ఞానమ్మ గుమ్మంలోకి వచ్చి వింటోందని ఆయన అప్పుడు చూశాడు. ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

హన్నమ్మ బట్టను మళ్ళీ మడతల వెంబడే మడిచింది. సంచిలో పెట్టింది.

"నేను ఆయమ్మ చేతులు పట్టుకుని పెళ్ళెప్పుడని అడిగా," అంది. "సచ్చిపోయిన పిల్లోడికి. నవ్వుకుంటా అడిగా."

"ఆమెకు నేనది చెప్పలేదక్కా."

"నాకు తెలిసింది గదా." ఆమె గొంతు పెరగలేదు. "ఊరంతా చప్పట్లు కొట్టాం మాస్టారూ. నా బాబీగాడు పోయిన పొద్దు ఎవురన్నా చప్పట్లు కొడితే నేనేం చేసేదాన్ని?"

హన్నమ్మ ఆయన్ను తమ్ముడని కాకుండా మాస్టారని పిలవడం అదే మొదటిసారి.

"పద," అంది. "ఏ బస్సుకి పోవాలో చూడు."

బడికి సెలవు పెట్టి బయల్దేరాడు. పిడుగురాళ్ళలో బస్సు మారారు. హన్నమ్మ ఆడవాళ్ళ సీట్లో కూర్చుని కిటికీలోంచి బయటకే చూస్తోంది. వెనక సీట్లో కూర్చుని ఆశీర్వాదం క్షమాపణను ఇంగ్లీషులో మనసులో కూర్చుకున్నాడు. పొడుగు మాటలతో, గౌరవంగా, తప్పు మాటదే తప్ప మనిషిది కాదన్నట్టు ధ్వనించే వాక్యాలు. నాలుగైదుసార్లు వల్లె వేశాడు.

గెస్ట్ హౌస్ మెట్ల మీదికి హెలెన్ ఎదురొచ్చింది. వాళ్ళిద్దరినీ చూసి సంతోషపడి లోపలికి రమ్మంది. కుర్చీలు చూపించింది. ఆశీర్వాదం కూర్చోలేదు. వల్లె వేసిన వాక్యం మొదలుపెట్టి మధ్యలోనే ఆపేశాడు. ఆమె ఓపిగ్గా ఎదురుచూసింది. ఇక చిన్న చిన్న మాటల్లో చెప్పాడు. నేను తప్పు చెప్పాను. మీ అబ్బాయి పరీక్ష పాసయ్యాడని చెప్పాను. అందుకే వాళ్ళు చప్పట్లు కొట్టారు. తర్వాత నాకు తెలిసింది. అయినా సరిచేయలేదు.

హెలెన్ మొహంలో నవ్వు మెల్లగా పోయింది. చివరికి ఒక మాట అంది. ఆశీర్వాదం దాన్ని ఆ తర్వాత ఎన్నో రోజులు తలుచుకున్నాడు. ఇక్కడి వాళ్ళు పోయినవాళ్ళను చప్పట్లతో దేవుడి దగ్గరికి సాగనంపుతారేమో అనుకున్నాను, అంది. తన దేశంలో డేనియల్ పేరెత్తితే జనం మాట మార్చేస్తారట. ఇక్కడ రెండు వందల మంది వాడి కోసం సంతోషంగా చప్పట్లు కొట్టారని నిన్ననే తన చెల్లెలికి ఉత్తరం రాసిందట. రాత్రి, రెండేళ్ళలో మొదటిసారి కంటినిండా నిద్రపోయిందట.

ఆయనకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. చెప్పకపోవడం తప్పు అనుకుని వచ్చాడు. చెప్పడం కూడా ఆమె దగ్గరున్న ఒక్క ఊరటనూ లాగేసుకోవడమే అయింది.

"ఏమంటంది?" అని అడిగింది హన్నమ్మ.

ఒక్క ముక్క వదలకుండా చెప్పాడు.

హన్నమ్మ లేచి వెళ్ళి హెలెన్ పక్కన మంచం మీద కూర్చుంది. సంచిలోంచి ఫోన్ తీసి బాబీ ఫొటో చూపించింది. కళ్ళజోడు పెట్టుకుని చూసింది హెలెన్. ఎన్నేళ్ళని అడిగింది. ఇరవై ఒకటి, అని హన్నమ్మ వేళ్ళతోనే చూపించింది.

"వాళ్ళబ్బాయి ఎట్టా పోయాడో అడుగు."

ఆశీర్వాదం అడిగాడు. హెలెన్ జవాబులో మళ్ళీ అన్నీ చిన్న మాటలే. ఈసారి ఆయన ప్రతి మాటకూ ఆగాడు. వాడు "రన్" కోసం వెళ్ళాడంటే పరుగెత్తడానికా, పారిపోయాడనా అని అడిగాడు. పొద్దున్నే ఆరోగ్యం కోసం పరుగెత్తడానికి, అని ఆమె విడమర్చింది. దారిలో గుండె ఆగిందట. నెమ్మదిగా, తనది ఒక్క మాటా కలపకుండా, హన్నమ్మకు చెప్పాడు.

"మావాడు కూడా రోడ్డు మీదేనమ్మా," అంది హన్నమ్మ.

అది తర్జుమా చేశాడు. హెలెన్ హన్నమ్మ చెయ్యి పట్టుకుంది. కాసేపయ్యాక హన్నమ్మ ఆయన వైపు తిరిగింది. ఆమె కళ్ళలో కోపం లేదు, ఎదురుగా ఉన్న గోడను చూసినట్టు చూసింది.

"నువ్వు బయట కూర్చో మాస్టారూ. ఇక మాకు మాటలు అక్కర్లా."

ఆయన బయటకొచ్చి వరండాలో బెంచీ మీద కూర్చున్నాడు. లోపల హన్నమ్మ తెలుగులోనూ, హెలెన్ ఇంగ్లీషులోనూ ఆగి ఆగి మాట్లాడుకోవడం వినిపిస్తూనే ఉంది. ఒకరు చెప్పింది ఇంకొకరికి అర్థమయ్యే దారి లేదు. అయినా దాదాపు గంటసేపు మాట్లాడుకున్నారు. మధ్యలో ఎవరో ఏడ్చారు. ఇద్దరిలో ఎవరో తెలియలేదు. గెస్ట్ హౌస్ వాచ్‌మన్ వచ్చి, "ఏంది సార్, బయట కూర్చున్నారు?" అని అడిగితే లేచి గేటు దాకా నడిచాడు.

హన్నమ్మ బయటకొచ్చినప్పుడు చేతిలో సంచి లేదు. అడగలేదు ఆయన. తిరుగు ప్రయాణంలోనూ ఆమె ముందు సీట్లోనే కూర్చుంది.

మరుసటి ఆదివారం పాస్టరుగారిని అడిగి ఆరాధన చివర లేచి నిలబడ్డాడు. జరిగిందంతా చెప్పాడు. చర్చికి పువ్వులన్న అబద్ధం దాకా వచ్చేసరికి ఆగి, నీళ్ళు తాగి మళ్ళీ చెప్పాడు. తర్వాత మగవాళ్ళ వైపు నుంచి ఎవరో కిసుక్కున నవ్వారు, ఆ నవ్వు పిల్లలకు అంటుకుంది. హెలెన్ పేరు చెప్పి ప్రార్థన చెయ్యమని పాస్టరుగారు గద్దించాక ఆగింది. బయటికి వస్తుంటే, "పోనీలెండి మాస్టారూ, మాటదేముంది, ఎవురికైనా పొరపాటు వచ్చిద్ది," అని భుజం తట్టారు నలుగురైదుగురు. ఆయన కోరుకున్నది తిట్లు. ఎవరూ తిట్టలేదు.

సోమవారం క్లాసులో పాఠం మధ్యలో ఒక పిల్లాడు, "సార్, పాసంటే ఏంది సార్?" అని అడిగాడు. మిగతావాళ్ళు తలలు వంచుకుని నవ్వు ఆపుకుంటున్నారు. ఆశీర్వాదం బోర్డు వైపు తిరిగి తనకు తెలిసిన అర్థాలన్నీ రాశాడు. చివరిది కూడా రాశాడు. అది రాసేటప్పుడు సుద్దముక్క విరిగింది.

చిన్నారికి ఫోన్ చేశాడు. "నువ్వు విన్నదే నిజమమ్మా. నేను తెలిసే నిన్ను కాదన్నా."

"అప్పుడే అర్థమైంది సార్," అంది చిన్నారి. "మీరు నా మొహంలోకి చూడకుండా చెప్పారు." అవతల ఎవరో పిలిస్తే, "ఉంటా సార్," అని పెట్టేసింది.

మార్చిలో ఇంకో అతిథి వస్తున్నాడని పాస్టరుగారు కబురు పెడితే, తర్జుమా తనవల్ల కాదని చెప్పాడు. బతిమాలినా ఒప్పుకోలేదు. కాగితాలు చదివించుకోవడానికి వచ్చేవాళ్ళు మాత్రం వస్తూనే ఉన్నారు. ఇప్పుడు ఆయన వెంటనే అర్థం చెప్పడం లేదు. డిక్షనరీ చూసి, రేపు రండి అంటున్నాడు. కొందరు విసుక్కుని దాచేపల్లి పోయి ఇంకెవరి చేతనో చదివించుకుంటున్నారు.

ఈస్టరుకు ముందు వచ్చే మట్టల ఆదివారం నాడు ఆరాధన అయ్యాక ఆశీర్వాదం చర్చి పక్క సందులోంచి ఇంటికి పోతున్నాడు. చర్చి మెట్ల మీద హన్నమ్మ, చిన్నారి దగ్గర దగ్గరగా కూర్చుని కనిపించారు. చిన్నారి చేతిలో హన్నమ్మ ఫోన్ ఉంది. అందులోంచి హెలెన్ రికార్డు చేసి పంపిన గొంతు వస్తోంది, నెమ్మదిగా, ఆగి ఆగి. చిన్నారి ఒక ముక్క వినడం, ఆపడం, హన్నమ్మకు చెప్పడం. హన్నమ్మ మోకాళ్ళ మీద గడ్డం ఆనించి వింటోంది.

ఆయన ఆగాడు. హెలెన్ ఏం చెబుతోందో వినాలని, ఆమెకు ఇప్పుడు నిద్రపడుతోందా అని అడగాలని గట్టిగా అనిపించింది. చిన్నారి తలెత్తి చూసింది. "సార్, రండి," అనబోయి హన్నమ్మ మొహం చూసి ఆగిపోయింది. హన్నమ్మ తల తిప్పలేదు.

"కానివ్వండమ్మా," అని ఆశీర్వాదం వెనక్కి తిరిగి, చుట్టుదారైనా పెద్ద రోడ్డు మీదుగా ఇంటికి నడిచాడు.